వెలుగు పొలిమేర - ఎడ్విన్ హబుల్

శివపురాణంలో ఒక కథ ఉన్నది. బ్రహ్మవిష్ణువుల నడుమ ఒక జ్యోతిస్తంభం వెలసింది. దాని మొదలు ఎక్కడో, తుద ఎక్కడో కనుగొనడానికి విష్ణువు వరాహరూపం దాల్చి కిందికీ, బ్రహ్మ హంసరూపం దాల్చి పైకీ బయలుదేరారు. ఎంత వెదకినా అంతు చిక్కలేదు. విష్ణువు ఆ మాట ఒప్పుకొన్నాడు. బ్రహ్మ మాత్రం తుద చూచినట్లు మొగలిపువ్వు చేత దొంగసాక్ష్యం చెప్పించి శాపం పాలయ్యాడు. వెలుగుకు ఎల్ల కట్టడంలోని కష్టాన్ని మన పూర్వులు ఈ విధంగా కథగా చెప్పుకొన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో ఒక మనిషి దర్పణాన్నీ గాజుపలకనూ సాధనాలుగా చేసుకొని అటువంటి పనికే పూనుకొన్నాడు. ఆయన పేరు ఎడ్విన్ పావెల్ హబుల్.

రాత్రివేళ బస్సులో ప్రయాణం చేస్తున్నప్పుడు దూరాన ఏదో ఊరి వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు నడుమ దట్టంగానూ, అంచులకు పోనుపోను పలుచగానూ ఉంటుంది. ఆ ఊరు ఎంత పెద్దదని పక్కనున్నవారు అడిగితే ఏమని చెప్పగలం? మొదట అది ఎంత దూరంలో ఉన్నదో తెలియాలి. తరువాత దాని అంచు ఎక్కడో నిర్ణయించుకోవాలి. ఈ రెండూ తెలియనంతవరకు దగ్గరి పల్లె, దూరపు నగరం మన కంటికి ఒక్క తీరుగానే తోస్తాయి. నూరేళ్ల కిందట నీహారికల విషయంలో ఖగోళ శాస్త్రజ్ఞుల పరిస్థితి సరిగ్గా ఇదే. టెలిస్కోపులో మసకమబ్బు తునకల వలె కనిపించే ఈ నీహారికలు మన పాలపుంతకు చెందిన చిన్న వాయుమేఘాలా? లేక పాలపుంతకు ఆవల, దానివలెనే కోటానుకోట్ల నక్షత్రాలతో వెలిగే వేరు లోకాలా? 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్ నగరంలో హార్లో షేప్లీ, హెబర్ కర్టిస్ అనే ఇద్దరు ప్రముఖులు ఈ విషయాన్ని గురించి పండితసభలో వాదించారు. పాలపుంత 3 లక్షల కాంతి సంవత్సరాల వెడల్పు గలదని, నీహారికలకు దాని వెలుపల ప్రత్యేక స్థానం లేదని షేప్లీ అభిప్రాయం. సర్పిలాకారపు నీహారికలు విశ్వసాగరంలో వేరు వేరు ద్వీపాలని కర్టిస్ అభిప్రాయం. ఇద్దరూ సమర్థులే. కాని నీహారికల దూరాన్ని నమ్మకంగా కొలిచే ఉపాయం ఆనాటికి ఎవరి చేతిలోనూ లేకపోవడం వల్ల వాదం ఎటూ తేలలేదు.

హబుల్ 1889 నవంబర్ 20న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మార్ష్‌ఫీల్డ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి జాన్ పావెల్ హబుల్ బీమా వ్యాపారంలో ఉద్యోగి. కొంతకాలానికి కుటుంబం షికాగో సమీపంలోని వీటన్‌కు తరలివెళ్లింది. ఎడ్విన్ మంచి పొడగరి, దృఢకాయుడు. చదువులో కంటె ఆటల్లోనే ముందు పేరు తెచ్చుకొన్నాడు. షికాగో విశ్వవిద్యాలయంలో గణితం, ఖగోళ శాస్త్రం అభ్యసించి 1910లో పట్టం పొందాడు. అదే సంవత్సరం రోడ్స్ విద్యార్థి వేతనం లభించగా ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డుకు వెళ్లాడు.

ఆక్స్‌ఫర్డులో ఆయన చదివింది నక్షత్రాలను గురించి కాదు, న్యాయశాస్త్రం. కుమారుడు న్యాయవాది కావాలని తండ్రి కోరిక. ఆ కోరికను కాదనలేక మూడేళ్లు ధర్మశాస్త్రాలతో కాలం గడిపాడు. 1913 ఆరంభంలో తండ్రి మరణించాడు. ఆ ఏడాదే హబుల్ స్వదేశానికి తిరిగివచ్చి, తల్లికీ తోబుట్టువులకూ అండగా ఉండడం కోసం ఇండియానా రాష్ట్రంలోని న్యూ ఆల్బనీ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. స్పానిష్ భాష, భౌతికశాస్త్రం, గణితం బోధించాడు. పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పించాడు. ఆయన అంటే విద్యార్థులకు ఎంత అభిమానమంటే, ఆ సంవత్సరపు పాఠశాల సంచికను ఆయనకే అంకితమిచ్చారు. అయినా ఆయన మనసు ఆకాశంపైనే ఉన్నది. తండ్రి మాట చెల్లించడం ముగిసింది కనుక ఒక్క సంవత్సరంలోనే ఉద్యోగం విడిచి మళ్లీ విద్యార్థిగా మారాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆక్స్‌ఫర్డు నుంచి హబుల్ వెంటతెచ్చుకొన్నది న్యాయశాస్త్ర పట్టం ఒక్కటే కాదు. ఆంగ్లేయుల ఉచ్చారణ, వారి వేషం, నోట పైపు కూడ ఆయనతో వచ్చి జీవితాంతం ఆయనను అంటిపెట్టుకొని ఉన్నాయి. అంతేకాక, తాను కెంటకీ రాష్ట్రంలో కొంతకాలం న్యాయవాద వృత్తి చేసినట్లు తరువాతి రోజుల్లో చెప్పుకొన్నాడు. ఆయన న్యాయస్థానంలో వాదించిన దాఖలాలేవీ లేవని జీవితచరిత్రకారులు తేల్చారు. పాఠశాలలో ఉపాధ్యాయుడుగా గడిపిన మంచి సంవత్సరాన్ని మాత్రం ఆయన పెద్దగా ప్రస్తావించలేదు. నక్షత్రకాంతిని కొలవడంలో అంత జాగ్రత్త వహించిన వ్యక్తి తన కథ చెప్పుకోవడంలో మొగలిపువ్వును ఆశ్రయించడం వింతగానే తోస్తుంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నాకు ఇది కొంత బాధ కూడ కలిగిస్తుంది. ఆయన గొప్పతనానికి ఆ అలంకారాల అవసరం లేదు.

1914లో హబుల్ షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్క్స్ వేధశాలలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. అక్కడి 24 అంగుళాల దర్పణ టెలిస్కోపుతో మసక నీహారికల ఛాయాచిత్రాలు తీయడం ఆయన పని. ఆ చిత్రాల్లో 2261 అనే పట్టిక సంఖ్య గల ఒక చిన్న నీహారిక రూపం కాలక్రమంలో మారుతున్నదని ఆయన 1916లో గుర్తించాడు. ఈ నీహారిక ఆయన జీవితంలో మళ్లీ ఒకసారి కనిపిస్తుంది. 1917లో అమెరికా ప్రపంచయుద్ధంలో ప్రవేశించింది. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాల నుంచి ఉద్యోగానికి ఆహ్వానం అప్పటికే వచ్చి ఉన్నా, హబుల్ హడావిడిగా సిద్ధాంత వ్యాసం ముగించి, డాక్టరేటు పరీక్ష పూర్తిచేసి సైన్యంలో చేరాడు. ఫ్రాన్సుకు వెళ్లాడు, మేజరు హోదా పొందాడు. అయితే ప్రత్యక్షంగా పోరులో పాల్గొనే అవసరం రాకముందే యుద్ధం ముగిసింది.

1919లో ఆయన మౌంట్ విల్సన్ చేరుకొన్నాడు. లాస్ ఏంజెలిస్ సమీపాన, సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండమీద 1917లో 100 అంగుళాల వ్యాసం గల హుకర్ టెలిస్కోపును నెలకొల్పారు. ఆనాటికి ప్రపంచంలో దానికి మించినది లేదు. ఆ పని ఎంత ఓర్పుతో కూడినదో నేటివారికి ఊహించడం కష్టం. చలికాలపు రాత్రి, నిప్పు వేసుకొనే వీలు లేదు, దీపం వెలిగించే వీలు లేదు. భూమి తిరుగుతుంటుంది కనుక ఆకాశం కదులుతున్నట్లుంటుంది. ఆ కదలికకు అనుగుణంగా టెలిస్కోపును గంటల తరబడి వెంట్రుకవాసి తేడా రాకుండా నడిపించాలి. అప్పుడుగాని గాజుపలకమీద పూసిన రసాయనంపై ఆ మసక వెలుగు ముద్ర పడదు. మన హైదరాబాదులోని నిజామియా వేధశాలలో కూడ ఆ కాలంలోనే గాజుపలకలపై నక్షత్రాల చిత్రాలు తీసి, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం వాటి స్థానాలను కొలిచారు. దేశాలు వేరైనా చలీ చీకటీ జాగారమూ ఒక్కటే.

హబుల్ చేతికి అందిన కొలబద్దను తయారుచేసింది మాత్రం ఆ కొండ ఎక్కని ఒక స్త్రీ. ఆమె పేరు హెన్రియెటా లీవిట్. హార్వర్డ్ వేధశాలలో గాజుపలకలను పరిశీలించి నక్షత్రాల ప్రకాశాన్ని లెక్కకట్టే ఉద్యోగం ఆమెది. ఆమెకు వినికిడి శక్తి బాగా తక్కువ. సెఫీడ్ అనే జాతి నక్షత్రాలు క్రమం తప్పకుండా ప్రకాశం పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. ఒకే మేఘంలో, అంటే ఇంచుమించు ఒకే దూరంలో ఉన్న 25 సెఫీడ్లను పోల్చిచూచి, పెరిగి తరగడానికి పట్టే కాలం ఎంత ఎక్కువైతే ఆ నక్షత్రం సహజ ప్రకాశం అంత ఎక్కువ అని ఆమె 1912లో చూపించింది. దీని ప్రయోజనం అపారం. దూరాన వెలిగే బల్బు నూరు వాట్లదని ముందుగా తెలిస్తే, అది మన కంటికి ఎంత మసకగా కనిపిస్తున్నదో చూచి దాని దూరం చెప్పవచ్చు. సెఫీడు ఆకాశంలో వాట్ల సంఖ్య ముద్రించిన బల్బు వంటిది. లీవిట్ 1921 డిసెంబరులో మరణించింది. తన కొలబద్ద ఎంత దూరం చేరనున్నదో చూచే భాగ్యం ఆమెకు కలగలేదు.

1923 అక్టోబర్ మొదటి వారంలో ఒక రాత్రి హబుల్ ఆండ్రోమెడా నీహారికను చిత్రించాడు. పలకపై మూడు కొత్త చుక్కలు కనిపించాయి. అకస్మాత్తుగా మండి ఆరిపోయే నవ్య తారలనుకొని వాటి పక్కన సిరాతో గుర్తులు పెట్టాడు. తరువాత పాత పలకలు వెలికితీసి పోల్చిచూడగా వాటిలో ఒకటి ఆరిపోయేది కాదని, పెరుగుతూ తరుగుతూ ఉన్నదని తేలింది. మొదటి గుర్తు కొట్టివేసి, అది మారే నక్షత్రమని సూచించే మూడక్షరాలు ఉత్సాహంగా రాసిపెట్టాడు. ఆ పలక నేటికీ భద్రంగా ఉన్నది. ఆ సెఫీడు ఒక చుట్టు పూర్తిచేయడానికి దాదాపు 31 రోజులు పట్టింది. లీవిట్ సూత్రం ప్రకారం లెక్కవేస్తే ఆండ్రోమెడా దూరం సుమారు 9 లక్షల 30 వేల కాంతి సంవత్సరాలని వచ్చింది. అంటే షేప్లీ చెప్పిన అతి పెద్ద పాలపుంతకు కూడ అది ఎంతో వెలుపల ఉన్నది. దూరం తెలియగానే పరిమాణం దానంతట అదే తెలిసింది. పౌర్ణమినాటి చంద్రునికి ఆరు రెట్ల వెడల్పున ఆకాశంలో పరచుకొన్న ఆ మసక అంత దూరంలో ఉన్నదంటే, అది మేఘం కాదు, వేలాది కాంతి సంవత్సరాల మేర వెలుగుతున్న నక్షత్ర లోకం.

ఇంత గొప్ప ఫలితాన్ని చేతిలో ఉంచుకొని కూడ హబుల్ వెంటనే ప్రకటించలేదు. అందుకు కారణం అదే వేధశాలలో పక్కగదిలో ఉన్నది. ఏడ్రియన్ వాన్ మానెన్ అనే సహోద్యోగి, సర్పిల నీహారికలు తిరుగుతున్న చలనాన్ని పలకలపై నేరుగా కొలిచానని అప్పటికే ప్రకటించి ఉన్నాడు. ఆ చలనం నిజమైతే నీహారికలు దగ్గరగానే ఉండాలి, లేకుంటే వాటి వేగం నమ్మశక్యం కానంత అవుతుంది. వాన్ మానెన్ పేరున్న పరిశీలకుడు. ఇద్దరిలో ఒకరి కొలత తప్పు. హబుల్ మరిన్ని సెఫీడ్లు దొరికేవరకు ఆగాడు. 1924 ఫిబ్రవరిలో షేప్లీకి మాత్రం ఉత్తరం రాశాడు. అది చదివిన షేప్లీ తన విశ్వం కూలిపోయిందని పక్కనున్న సిసీలియా పేన్‌తో అన్నట్లు చెబుతారు. చివరకు హెన్రీ నోరిస్ రస్సెల్ వంటి పెద్దల ఒత్తిడిమీద 1925 జనవరి 1న వాషింగ్టన్ సభలో హబుల్ పత్రం వెలువడింది. దానిని చదివినవాడు రస్సెల్. హబుల్ ఆ సభకు రానేలేదు. ఆ పత్రానికి వచ్చిన బహుమతిని చెదపురుగుల కడుపులో బ్రతికే సూక్ష్మజీవులను గురించిన మరొక పరిశోధనతో కలిసి పంచుకోవలసి వచ్చింది. వాన్ మానెన్‌తో వైరం మాత్రం పదేళ్లు రగిలింది. 1935లో హబుల్ ఆ కొలతలను మళ్లీ పరిశీలించి తన ఫలితాలను ప్రచురించగా, వాన్ మానెన్ కూడ తన లెక్కల్లో పొరపాట్లుండవచ్చునని ఒప్పుకొన్నాడు. ఆ తగవులో హబుల్ ప్రదర్శించిన కాఠిన్యం సహోద్యోగులకు కూడ నచ్చలేదు.

ఇక అసలు చిక్కు ముందున్నది. దూరం తెలిసినంత మాత్రాన పరిమాణం పూర్తిగా తెలిసినట్లు కాదు. 1926లో హబుల్ సుమారు 400 నీహారికలను పరిశీలించి వాటిని దీర్ఘవృత్తాకారాలు, సర్పిలాలు, క్రమరహితాలు అని వర్గీకరించాడు. ఆ వర్గీకరణ నేటికీ వాడుకలో ఉన్నది. వాటి వ్యాసాలు కొలిచేటప్పుడు ఆయనకు ఒక సంగతి స్పష్టమయింది. పలకను ఒక గంట వెలుగుకు ఎదురుగా ఉంచితే నీహారిక ఒక కొలత చూపుతుంది. నాలుగు గంటలు ఉంచితే మరింత పెద్దదిగా కనిపిస్తుంది. నీహారికకు గోడ లేదు, కంచె లేదు. వెలుగు పలుచబడుతూ పోయి ఆకాశపు సహజమైన మసకలో కలిసిపోతుంది. మనం అంచు అనుకొనేది నీహారిక అంచు కాదు, మన పలక ఓపిక అంచు.

1930లో ఆయన దీర్ఘవృత్తాకార నీహారికల వెలుగు కేంద్రం నుంచి అంచు వైపు ఏ క్రమంలో తగ్గుతుందో కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు. జాన్ రెనాల్డ్స్ అనే ఆంగ్లేయుడు 1913లోనే ఆండ్రోమెడా నడిమి భాగానికి ఇటువంటి సూత్రాన్ని వాడి ఉన్నాడు. దాని ప్రకారం కేంద్రానికి బాగా దూరంగా వెళ్లిన తరువాత, దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. చూడడానికి ఎంతో సులభమైన సూత్రం. కాని దానిని పట్టుకొని నీహారిక మొత్తం వెలుగును అంచువరకు కూడుతూ పోతే ఆ కూడిక ఎక్కడా ఆగదు. నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటుంది. జ్యోతిస్తంభం కథ గణితంలో మళ్లీ ఎదురైనట్లయింది. 1948లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జెరార్ ద వోకులూర్ వేరొక సూత్రంతో ఈ చిక్కు విప్పాడు. ఆయన సూత్రంలో మొత్తం వెలుగుకు ఒక పరిమితి ఉన్నది. అప్పుడు అంచు కోసం వెదకడం మాని, మొత్తం వెలుగులో సగం ఏ వృత్తంలో ఇముడుతుందో ఆ వృత్త వ్యాసార్ధాన్నే గెలాక్సీ పరిమాణంగా తీసుకోవచ్చు. నేటికీ అతి దూరపు గెలాక్సీలను ఈ అర్ధకాంతి వ్యాసార్ధంతోనే కొలుస్తారు.

హబుల్ పేరు లోకమంతటా మారుమ్రోగడానికి కారణం 1929 నాటి పరిశోధన. వెస్టో స్లైఫర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పటికి పదేళ్లకు ముందునుంచే నీహారికల వర్ణపటాలు తీసి, వాటిలో అధికభాగం వెలుగు ఎరుపు వైపు జరిగి ఉన్నదని, అంటే అవి మననుంచి దూరంగా పోతున్నట్లున్నవని చూపించాడు. దీనినే రెడ్ షిఫ్ట్ అంటారు. హబుల్ తనకు దూరాలు తెలిసిన 24 నీహారికలను తీసుకొని, దూరం పెరిగినకొద్దీ ఈ రెడ్ షిఫ్ట్ కూడ అదే నిష్పత్తిలో పెరుగుతున్నదని నిరూపించాడు. ఆ తరువాత ఈ పనిలో ఆయనకు కుడిభుజమైనవాడు మిల్టన్ హ్యూమసన్. ఆయన 14వ ఏట బడి మానివేసి, అదే కొండమీదికి కంచరగాడిదలపై సామాను చేరవేసి, తరువాత వేధశాలలో ఊడ్చి తుడిచే పనిలో చేరి, రాత్రిళ్లు పరిశీలకులకు సహాయపడుతూ పని నేర్చుకొన్నవాడు. అతి మసకగా ఉండే నీహారికల వర్ణపటాలను రాత్రి తరువాత రాత్రి ఒకే పలకపై తీయగల నేర్పు ఆయనది. 1931లో ఇద్దరూ కలిసి సెకనుకు 20,000 కిలోమీటర్ల వేగం వరకు ఈ సంబంధం నిలుస్తుందని చూపించారు. విశ్వం విస్తరిస్తున్నదన్న గణిత సిద్ధాంతాన్ని 1922లో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్, 1927లో జార్జ్ లెమైత్ర్ ముందే ప్రతిపాదించారు. విశ్వవిస్తరణను హబుల్ ఒక్కడే కనుగొన్నాడని చెప్పడం ఈ అందరికీ అన్యాయం చేయడమే అవుతుంది.

నిజానికి హబుల్ కూడ ఆ మాట ధైర్యంగా అనలేదు. తాను కొలిచింది రెడ్ షిఫ్ట్ మాత్రమేనని, దానికి కారణం వేగమేనా అన్నది ఇంకా తేలవలసి ఉన్నదని చివరివరకు జాగ్రత్తపడ్డాడు. దానిని తేల్చడానికి 1935లో రిచర్డ్ టోల్మన్‌తో కలిసి ఒక మార్గం సూచించాడు. విశ్వం నిజంగా విస్తరిస్తున్నట్లయితే దూరపు గెలాక్సీ నుంచి వచ్చే ప్రతి కాంతికణం బలహీనపడుతుంది. అవి ఒకదాని వెనుక ఒకటి వచ్చే ఎడం పెరుగుతుంది. పైగా ఆ వెలుగు ఆకాశంలో మరింత వెడల్పుగా పరచుకొన్నట్లుంటుంది. ఇవన్నీ కలిస్తే, కాంతి తరంగం రెండు రెట్లు సాగిన చోట గెలాక్సీ ముఖకాంతి పదహారో వంతుకు పడిపోవాలి. అందువల్ల దూరపు గెలాక్సీ అంచులు మనకు కనిపించక, అది ఉన్నదానికంటె చిన్నదిగా తోచవచ్చు. 100 అంగుళాల టెలిస్కోపు ఈ పరీక్షకు చాలలేదు. కొలత తేలనంతవరకు తీర్పు చెప్పని ఈ నిగ్రహం ఆయన శాస్త్రజీవితంలోని ఉత్తమ గుణమని నా అభిప్రాయం.

ఆయన లెక్కల్లో ఒక పెద్ద పొరపాటు మాత్రం దాగి ఉన్నది. 1929 నాటి ఆయన సంఖ్యల ప్రకారం విశ్వం వయస్సు 200 కోట్ల సంవత్సరాలకు మించదు. భూగర్భ శాస్త్రజ్ఞులు శిలల ఆధారంగా చెప్పే భూమి వయస్సు అంతకంటె ఎక్కువగా తేలింది. బిడ్డ తల్లికంటె పెద్దదెలా అవుతుంది? రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హబుల్ సైన్యానికి చెందిన అబర్డీన్ పరీక్షాకేంద్రంలో గుండ్ల గమనాన్ని గురించి పరిశోధిస్తుండగా, మౌంట్ విల్సన్‌లో వాల్టర్ బాడే ఒంటరిగా పనిచేశాడు. ఆయన జర్మన్ పౌరుడు కనుక యుద్ధపు పనులకు ఆయనను తీసుకోలేదు. యుద్ధభయంతో లాస్ ఏంజెలిస్ దీపాలు ఆర్పివేయడం వల్ల ఆకాశం చిక్కటి చీకటితో ఉన్నది. ఆ చీకటిలో బాడే ఆండ్రోమెడా నడిమి భాగంలోని నక్షత్రాలను విడివిడిగా చూడగలిగాడు. నక్షత్రాల్లో రెండు తరాలున్నాయని, సెఫీడ్లలో కూడ రెండు జాతులున్నాయని క్రమంగా తేలింది. ఒకదాని కొలబద్దతో మరొకదాన్ని కొలవడం వల్ల దూరాలన్నీ సగానికి తగ్గి వచ్చాయి. 1952లో బాడే ఈ సంగతి ప్రకటించగానే విశ్వం ఒక్కసారిగా రెట్టింపయింది. నేటి లెక్క ప్రకారం ఆండ్రోమెడా సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది.

1948లో కాలిఫోర్నియాలోనే పాలోమార్ కొండమీద 200 అంగుళాల మహాదూరదర్శిని సిద్ధమయింది. 1949 జనవరిలో దానితో మొదటి ఛాయాచిత్రం తీసే గౌరవం హబుల్‌కు దక్కింది. ఆయన ఎన్నుకొన్నది విద్యార్థి దశలో తన కంటబడిన ఆ 2261వ నీహారికనే. ఆ ఏడాది వేసవిలో గుండెపోటు వచ్చింది. కోలుకొన్న తరువాత కూడ కొండ ఎక్కడం తగ్గింది. హైదరాబాదులో నిజామియా వేధశాల నీడలో పెరిగిన వైను బప్పు, హార్వర్డులో చదువు ముగించుకొని పాలోమార్‌లో పరిశోధన చేయడానికి వచ్చింది ఈ చివరి రోజుల్లోనే. 1953 సెప్టెంబర్ 28న హబుల్ తన 63వ ఏట మెదడులో రక్తం గడ్డకట్టడం వల్ల మరణించాడు. భార్య గ్రేస్ అంత్యక్రియల సభ జరపలేదు. ఆయనను ఎక్కడ ఖననం చేశారో కూడ వెల్లడించలేదు. ఇన్ని నక్షత్ర లోకాల చిరునామాలు రాసిన మనిషి సమాధికి చిరునామా లేదు.

1990 ఏప్రిల్ 24న అంతరిక్షంలోకి పంపిన టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టారు. దాని దర్పణం వ్యాసం 2.4 మీటర్లు. అంటే హబుల్ వాడిన హుకర్ టెలిస్కోపు కంటె కొంచెం చిన్నదే. అయితే దానికీ ఆకాశానికీ నడుమ వాయుమండలం అడ్డు లేదు. దర్పణం అంచును వెంట్రుక మందంలో యాభయ్యో వంతు మేర తప్పుగా అరగదీయడం వల్ల మొదట చిత్రాలు మసకబారాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిదిద్దారు. 1995 డిసెంబరులో పదిరోజుల పాటు ఆకాశంలో దాదాపు ఖాళీగా కనిపించే ఒక చిన్న చోటును అది తదేకంగా చూచింది. 342 చిత్రాలు కలపగా అక్కడ దాదాపు 3,000 గెలాక్సీలు కనిపించాయి. వాటిలో అతి దూరపువి, అంటే విశ్వపు బాల్యదశలోనివి, మన చుట్టూ ఉన్నవాటికంటె ఎంతో చిన్నవి, రూపం కుదురుకోనివి.

2021 డిసెంబర్ 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ చూపును మరింత వెనుకకు తీసుకొనిపోయింది. 2024లో వెల్లడైన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ వెలుగు, విశ్వం పుట్టిన సుమారు 30 కోట్ల సంవత్సరాలకే బయలుదేరినది. ఆ వెలుగు తరంగాలు మనను చేరేసరికి దాదాపు 15 రెట్లు సాగాయి. టోల్మన్ లెక్క ప్రకారం దాని ముఖకాంతి 50 వేలో వంతుకు తగ్గింది. ఆకాశంలో దాని వెడల్పు, ఒక రూపాయి నాణేన్ని 30 కిలోమీటర్ల దూరాన నిలిపి చూచినంత. ఏ టెలిస్కోపులోనైనా చుక్కవంటి నక్షత్రం సైతం చిన్న మచ్చగా పరచుకొంటుంది. ఆ మచ్చ కొలతను ముందుగా తెలుసుకొని, గెలాక్సీ చిత్రం అంతకంటె ఎంత వెడల్పుగా ఉన్నదో లెక్కకట్టారు. వెలుగుతున్న ప్రాంతం 1,600 కాంతి సంవత్సరాలకు పైబడి ఉన్నదని తేలింది. ఈ కొలత వట్టి కుతూహలం కోసం చేసినది కాదు. అంత తొలినాళ్లలో అంత ప్రకాశం ఎక్కడిదన్నది ప్రశ్న. నడుమనున్న కృష్ణబిలంలో పడిపోతున్న వాయువుదే అయితే ఆ వెలుగు ఒక్క చుక్కలో ఇమిడిపోవాలి. ఇంత మేర పరచుకొని ఉన్నది కనుక, అది ప్రధానంగా అప్పుడే పుట్టిన నక్షత్రాల వెలుగని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

అయితే ఇది నక్షత్రాల వెలుగుకు మాత్రమే వర్తించే పరిమాణం. బాల గెలాక్సీల చుట్టూ హైడ్రోజన్ వాయువు ఆవరించి ఉంటుంది. అది లైమన్ ఆల్ఫా అనే ప్రత్యేక కాంతిలో మెరుస్తుంది. చిలీ దేశంలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు అమర్చిన మ్యూజ్ పరికరంతో ఆ కాంతిని గంటల తరబడి పట్టి చూడగా, నక్షత్రాలు వెలిగే మేరకు పలురెట్లు వెడల్పున ఆ వాయువు వెలుగు వ్యాపించి ఉన్నట్లు కనిపించింది. పరిశీలన కాలం పెంచినకొద్దీ ఆ వెలుగును మరింత దూరం వరకు గుర్తించగలుగుతున్నారు.